గొడుగు పట్టిన పిల్ల

మూడో గది. ఎడమ గోడ. కిటికీకి ఎదురుగా.
అందులో ఒక లోయ, ఒక ఏరు, పాప్లార్ చెట్ల వరస.
కింద ఇత్తడి రేకు మీద రాసి ఉంటుంది:
సాయంకాలం. కాన్వాసు, తైలవర్ణం.
ఏ ఊరి సాయంకాలమో రాయలేదు.

మా ఊరిది.
నా పేరు బురుల్. బిష్కెక్‌లో ఈ మ్యూజియం నేల తుడుస్తాను,
తుడిచాక కుర్చీలో కూర్చుని
పటాల్ని ముట్టుకోవద్దని జనానికి చెబుతాను.
ఆ వేసవికి నాకు పదకొండేళ్ళు.
పట్నం నుంచి వచ్చిన వెనియమిన్ గారికి
రోజుకి రెండు చక్కెర గడ్డల కూలికి
గొడుగు పట్టాను.

గొడుగు ఆయన తలకి కాదు, కాన్వాసుకి.
ఎండ పడితే రంగు అబద్ధమాడుతుందట.
"నీడ కదిలింది, పిల్లా!" అని కసిరేవాడు.
కదిలింది నేను కాదు, సూర్యుడు.
చెప్పలేదు. చెబితే చక్కెర పోతుంది.

మా లోయని అప్పుడే చూశాను.
అంతకుముందు చూడలేదా అంటే,
చిదుగుల కోసం చూశాను, తప్పిపోయిన మేక కోసం చూశాను,
వానొస్తుందా అని చూశాను.
ఊరికే చూడటం కూడా ఒక పనేననీ
దానికి జీతమిస్తారనీ తెలీదు.

ఆయన కరెంటు స్తంభం తీసేశాడు.
"తీగ కొండని కోస్తోంది" అన్నాడు.
ఆ స్తంభం పాతిన రోజు మా నాన్న గొర్రెను కోశాడు.
మొదటి బల్బు కింద అమ్మ
తన రెండు చేతుల్నీ తిప్పి తిప్పి చూసుకుంది,
ఎవరివో అన్నట్టు.
అదేదీ పటంలో లేదు.
సమాధుల దిబ్బ గడ్డి అయింది.
లేని పాప్లార్లు రెండు మొలిచాయి.
ఒప్పుకోవాలి, వరసలో అవే బాగుంటాయి.

చోన్ అపా, మా నాన్నమ్మ, కర్ర ఊతంతో వచ్చి
చాలాసేపు చూసి చూసి,
"కొండని మరీ దగ్గర పెట్టావు నాయనా,
నా మోకాళ్ళకి అది ఒక పూట నడక" అంది.
ఆయన నవ్వాడు. నీలంలో కాస్త తెలుపు కలిపి
కొండని వెనక్కి జరిపాడు.
ఒక్క మాటకి కొండ జరగడం అలా చూశాను.
మూడేళ్ళకి
ఒక్క కాగితానికి ఊరు జరగడం కూడా చూశాను.

ఆనకట్ట నీళ్ళు హోరుమని రాలేదు.
పిల్లి వంటింట్లోకి వచ్చినట్టు వచ్చాయి.
కొన్నాళ్ళు పాప్లార్ల కొనలు కనిపించాయి,
నిజంగా ఉన్నవే.

ఈ పటం ముందు మనుషులు ఎంతసేపు నిలబడతారో
లెక్కపెడుతుంటాను. నాలుగు అంకెలు.
ఐదో అంకెకి పక్క పటం, దాంట్లో గుర్రాలున్నాయి.
ఒక కుర్రాడు తొమ్మిది దాకా ఉన్నాడు.
తర్వాత వాడి ఫోన్ మోగింది.

కింద, కుడి మూల, గడ్డి రంగులో
ఒక దోమ ఇరుక్కుని ఉంది.
ఆ సాయంకాలం వాలింది, మళ్ళీ లేవలేదు.
ఆయన చూడలేదు. నేను చూశాను.
వేలెత్తి చూపిస్తే నీడ కదులుతుంది కదా.
ఆయన వేసిందంతా మా ఊరి పోలిక.
దోమ ఒక్కటీ మా ఊరు.
మమ్మల్ని కుట్టిన దోమే అయ్యుంటుంది,
మా రక్తం కొంచెం ఉండే ఉంటుంది.

పోయిన నెల పటాలు బాగుచేసే అమ్మాయి వచ్చింది.
దూది, సన్న కత్తి, నుదుటికి కట్టుకున్న భూతద్దం.
వార్నిష్ పసుపెక్కిందట, తీస్తే అసలు ఆకాశం బయటికొస్తుందట.
వచ్చింది. నాకు గుర్తున్న దానికన్నా
చల్లగా ఉంది ఆ నీలం.
అంగుళం అంగుళం దిగుతూ మూలకి వచ్చి ఆగింది.
"ఇక్కడేదో చెత్త" అంది.

కుర్చీలోంచి ఎప్పుడు లేచానో తెలీదు.
ముప్పై ఏళ్ళుగా జీతం తీసుకుని చెప్పే మాటే
నోటికొచ్చింది:
"ముట్టుకోవద్దు."

ఎందుకని అడగలేదు. భూతద్దం పైకెత్తి
నా వంక చూస్తూ ఉండిపోయింది.
కిటికీలోంచి ఎండ వాలి
కాన్వాసు అంచుదాకా వచ్చింది.
ఒక అడుగు పక్కకి జరిగి
అడ్డంగా నిలబడ్డాను.